చేత్తో తిరిగినంతవరకూ

“సరే” అన్నాడు, అంతే. ముఖం మీద నీళ్లు చల్లుకుని తువ్వాలుతో తుడుచుకుంటూ, ఆ తువ్వాల్లోంచే అన్నాడు. అందుకని ఆ మాట అనేటప్పుడు ముఖం ఎలా ఉందో ఆమెకు కనిపించలేదు. “ఈ రోజు నా గొట్టాలు నేనే బిగించుకుంటానండీ” అన్న ఒక్క ముక్కను రెండు రోజులు నోట్లో నానబెట్టి, పెదాల దాకా తెచ్చి మింగి, చివరికి స్నానాల గది గుమ్మంలో నిలబడి గబుక్కున అనేస్తే దానికి జవాబు అదీ. సరేల్లో ఎన్ని రకాలు లేవు! కోపాన్ని పళ్ల మధ్య నొక్కిపెట్టి అనే సరే ఒకటి, నెత్తి మీది బరువు ఎవరో దించితే అనే సరే ఒకటి, అసలు వినకుండానే అనే సరే ఒకటి. పెళ్లయిన నాటి నుంచీ వింటోంది, ఆ మనిషి సరేలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఇది మాత్రం ఏ గూట్లోనూ ఇమడలేదు. తల దువ్వుకుని వచ్చి చూసేసరికి సంచీ తగిలించుకుని ముందు బస్సుకి వెళ్లిపోయాడు. రోజూ ఇద్దరూ కలిసి వచ్చే దారిలో ఆమె ఒక్కతే వచ్చింది, చేతిలో టికెట్టును చుట్టి చుట్టి పుల్ల చేసుకుంటూ. అక్వేరియం వెనక గుమ్మంలోంచి లోపలికి వస్తుంటే పంపుల గదిలో అతని దగ్గు వినిపించింది. ఆగలేదు. నేరుగా ఈ సామాన్ల గదికి వచ్చింది. గోడ అవతల పెద్ద తొట్టి పంపులు ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి. తడి రబ్బరు వాసన, ఉప్పునీటి వాసన. నీళ్లలోకి దిగినప్పుడు సిలిండరు గాలిని నోటికి అందించే ఆమె రెగ్యులేటరు, రోజూ తళతళలాడుతూ కొక్కేనికి వేలాడేది, అక్కడ లేదు. బల్ల మీద ఉంది. ఉందంటే ఏముందిలే, ముక్కలు ముక్కలుగా ఉంది.

తెల్లటి గుడ్డ పరిచాడు. దాని మధ్యలో ఇత్తడి తలకాయ, అంటే సిలిండరు మూతికి తగిలించే భాగం, ఇక్కడ అందరూ దాన్ని తలకాయనే అంటారు, బోడిగా, చుట్టూ ఉన్న కన్నాలన్నిటికీ బిరడాలు బిగించుకుని కూర్చుంది. పక్కన నాలుగు గొట్టాలు. నల్లది ఆమె నోటికి వెళ్లేది. పసుపుపచ్చది తోడు దిగినవాళ్లకు గాలి అయిపోతే అందించేది. పొట్టిది ఒంటి మీది జాకెట్టులో గాలి నింపేది. సన్నది, సిలిండరులో గాలి ఎంత మిగిలిందో చూపించే మీటరుది. ఒక సీసా మూతలో కొత్త రబ్బరు రింగులు, నల్లగా, చిన్నగా. గ్రీజు డబ్బా, బిరడాలు విప్పే అలెన్ కీ, స్పానరు. అన్నీ ఒక వరసలో, ఆసుపత్రిలో ఆపరేషనుకు పేర్చినట్టు. మామూలుగా బిగించిన సెట్టు ఉంటుంది, ఒక్కో గొట్టం విప్పి చూసుకుని మళ్లీ బిగిద్దాం అనుకుంది. ఇలా మొదలంటా విప్పేసి పెడతాడనుకోలేదు. ఇది కోపమేనా? నువ్వే బిగించుకుంటానన్నావుగా, పడు మరి, అనా? కోపమైతే గుడ్డ ఎందుకు పరుస్తాడు? కోపమున్న మనిషి కొత్త రింగులు ఏరి పెడతాడా? పెడతాడు, పెట్టడా ఏం, అతను కోపంలో కూడా చెప్పులు జతగానే విడుస్తాడు.

గోడ గడియారం చూసింది. జనాన్ని లోపలికి వదలడానికి గంట ఉంది. ఆ తలుపులు తీసేసరికి ఆమె నీళ్లలో, అద్దం దగ్గర, పాచి తుడుస్తూ కనిపించాలి. లేకపోతే ఇక ఎప్పటికీ దిగనక్కర్లేదు. సూపర్‌వైజరు మంచివాడే, చెడ్డమాట ఒక్కటీ అనలేదు, చాలా మెల్లగానే చెప్పాడు. “నెలలు గడిచిపోయాయమ్మా. దిగే మనిషి కావాలి నాకు. నువ్వు దిగలేనంటే టికెట్ల కిటికీ దగ్గర కూర్చో, అక్కడా మనిషి కావాలి, జీతంలో తేడా రాకుండా చూస్తా. ఏదో ఒకటి తేల్చుకో.” టికెట్ల కిటికీ! ఫ్యాను కింద కూర్చుని, కిటికీలోంచి వచ్చే చేతులు చూస్తూ ఉండడం. హాయే. ఎవరికైనా హాయే. కానీ నీళ్లలో ఉన్నంతసేపు ఆమెకు ఎవరూ ఏమీ చెప్పరు, ఆమె ఎవరికీ ఏమీ చెప్పదు. లోపల తన ఊపిరి తనకు వినపడుతుంది. ఒక్కో ఊపిరి వదిలినప్పుడల్లా మనసులో దేవుడి పేరు ఒక్కసారి అనుకునేది, బుడగలు దాన్ని పట్టుకుని పైకి వెళ్లిపోయేవి. ఇంట్లో దీపం ముందు కూర్చుంటే పొయ్యి గుర్తొచ్చేది, బట్టలు గుర్తొచ్చేవి. తొట్టిలో మాత్రం మనసు కదలకుండా కూర్చునేది. అది వదులుకోలేదు. వదులుకోకూడదు. కొంగు నడుముకు దోపే అలవాటు పని ప్యాంటులో ఉన్నా పోలేదు, చెయ్యి ఊరికే నడుము దాకా వెళ్లి వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

మొదట సన్నది. మీటరుకు పోయే గాలి సిలిండరులో ఎంత ఒత్తిడి ఉందో అంత ఒత్తిడితోనూ పోతుంది, కాబట్టి దానికి వేరే కన్నం, హెచ్‌పీ అని పక్కనే చెక్కి ఉంటుంది, మిగతావాటి కంటే కాస్త వెడల్పు. తలకాయకు రెండు పక్కలా ఒక్కోటి ఉన్నాయి. అలెన్ కీ పెట్టి బిరడా విప్పింది. కొత్త రింగును వెలుతురుకు పట్టి చుట్టూ తిప్పి చూసింది, కోత లేదు, గాటు లేదు. గ్రీజు వేలికొసకు తగిలీ తగలనట్టు తీసుకుని రింగుకు రాసింది. ఎక్కువ రాస్తే దుమ్ము పడుతుంది, ఇసకరేణువు అతుక్కుంటుంది, ఆ ఒక్క రేణువు చాలు. గొట్టం కొసను కన్నంలో పెట్టి వేళ్లతో తిప్పింది. చేత్తో తిరిగినంతవరకూ చేత్తోనే తిప్పాలి, స్పానరు ముందే పెట్టకూడదు. మర అడ్డంగా ఎక్కితే చేతికి తెలుస్తుంది, స్పానరుకు తెలియదు, అది మొండిది. ఇదంతా ఎవరు చెప్పారు? అతనే. ఎప్పుడో కొత్తలో, డైవింగ్ శిక్షణ అయ్యాక, అతను బల్ల దగ్గర పని చేస్తుంటే పక్కన నిలబడి చూసింది. అతను చెప్పాడు, ఆమె విన్నది. తర్వాత ఎప్పుడూ చేయలేదు. చేయాల్సిన అవసరమేముంది, ఇంట్లోనే మెకానిక్ ఉంటే? వైద్యుడి భార్య తన నాడి తను చూసుకుంటుందా? రోజూ కొక్కేనికి వేలాడేది, తగిలించుకుని దిగేది. దిగేముందు కళ్లు మూసుకుని, భారం నీదే తండ్రీ, అనుకునేది. దేవుడికి ఒక భారం, మొగుడికి ఒక భారం, తనకు మాత్రం చీపురంత బరువు లేదు.

నెలల కిందట, ఆ రోజు, అద్దం కింది మూల తుడుస్తోంది. తల వెనక ఏదో పేలింది. పేలింది అనే అనుకుంది, నిజానికి పేలలేదు, నోటి గొట్టం తలకాయ దగ్గర మరలోంచి వదిలిపోయి గాలంతా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది. చుట్టూ తెల్లటి బుడగలు, పైకీ కిందకీ తేడా తెలియలేదు, చెవుల్లో రైలు. పీలిస్తే సగం గాలి, సగం నీళ్లు. మీటరు ముల్లు చూస్తుండగానే పడిపోతోంది. ఆ క్షణంలో దేవుడి పేరు రాలేదు. ఇన్నేళ్లు ఊపిరికి ఒకసారి అనుకున్న పేరు, కావాల్సిన చోట రాలేదు. ఏమొచ్చిందయ్యా అంటే, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను, కట్టేశానా లేదా అని. పాలు పొంగిపోతాయి, గిన్నె మాడిపోతుంది, పైకి పోవాలి, పైకి పోవాలి. అలా పాల కోసం పైకి తన్నుకుంటుంటే తోడు దిగిన పిల్ల, అక్కడ అందరూ బాతు అని పిలిచే పిల్ల, ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి తన పసుపు గొట్టం ఆమె నోట్లో కుక్కింది. ఇద్దరూ కలిసి గట్టుకు చేరారు. ఒంటికి ఏమీ కాలేదు. గీత కూడా పడలేదు. అతను పరిగెత్తుకొచ్చి, తలకాయ చూసి, వేళ్లతో ఆ గొట్టాన్ని అటూ ఇటూ కదిపి, “నేనే బిగించాను” అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆమె ఎత్తలేదు, అతను ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, “రబ్బరు ముక్క కదండీ, ఎప్పుడో ఒకప్పుడు పోతుంది” అనేది ఆమె. కోపం లేదు అనేది. ఆయన ఉండబట్టే కదా ఇన్నాళ్లు ఏమీ కాలేదు, అని కూడా అనేది.

అత్తయ్యకు మాత్రం అంతా చెప్పింది. పాల సంగతి కూడా. “చూశారా అత్తయ్యా, ఎన్ని దండాలు పెట్టి ఏం లాభం, చివరికి పాలగిన్నె గుర్తొచ్చింది. ఆ దేవుడి పేరు నా నోట్లో నిజంగా ఉందా, ఊరికే అలవాటు కొద్దీ తిరుగుతోందా?” అత్తయ్య మంచం మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది. తుడవడం ఆపకుండానే అంది. “పాలు గుర్తొచ్చి పైకొచ్చావా లేదా?”

“వచ్చాను.”

“పేరే గుర్తొచ్చుంటే అక్కడే కళ్లు మూసుకుని కూర్చునేదానివి, నీ సంగతి నాకు తెలీదా! పాలు గుర్తు చేసిందెవరే మరి?” అని, కళ్లజోడు పెట్టుకుని, “కట్టేసే వెళ్లావులే ఆ రోజు, నేను చూశా” అని కూడా అంది. ఆమె నవ్వింది కానీ ఆ మాటతో లోపలి ప్రశ్న పూర్తిగా ఆరలేదు. అన్నీ ఆయనే గుర్తు చేస్తే, గొట్టం బిగించేవాడికి ఆ బిగింపు ఎందుకు గుర్తు చేయలేదు? ఇలాంటివి అడిగితే పాపమా? అడగమనే కదా నోరిచ్చింది అనుకునేది ఒకప్పుడు. ఇప్పుడు అడుగుతుంది, జవాబు రాకపోతే గిన్నెలు కడుక్కుంటుంది, మళ్లీ అడుగుతుంది. భయం నీళ్లంటే కాదు, అది ఆమె తేల్చుకుంది. బకెట్లో తల ముంచి చూసుకుంది, ఈతకొలనులో మునిగి చూసుకుంది, ఏమీ లేదు. తల వెనక తనకు కనిపించని చోట ఏముందో తెలియకపోవడం, అదీ భయం. తన ఊపిరి ఎక్కడ ఎలా అతుక్కుని ఉందో తన వేళ్లకు తెలియాలి. తెలిస్తే దిగుతుంది. అంతకు మించి ఇందులో ఏమీ లేదు, మొగుడి మీద నమ్మకం లేకపోవడమూ కాదు, దేవుడి మీద లేకపోవడమూ కాదు. ఇది పొద్దున అతనితో ఇలాగే చెప్పి ఉండాల్సింది. గుమ్మంలో నిలబడి తువ్వాలుతో చెప్పింది.

నాలుగూ అయ్యాయి. స్పానరు పెట్టి ఒక్కోదాన్నీ కొద్దిగా, మణికట్టు బలంతోనే, భుజం బలం వాడకుండా బిగించింది. ఎంత తేలిక, ఇంతేనా అనిపించింది. సిలిండరు నిలబెట్టి, తలకాయను దాని మూతికి ఆనించి, వెనక్కి తిరిగి భుజం మీదుగా చెయ్యి చాపింది. నోటి గొట్టం కుడి భుజం మీంచి రావాలి. రాలేదు. ఎడమ నుంచి వచ్చింది. మీటరు కుడి పక్కకు వేలాడింది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై తల పట్టుకుంది. తలకాయను తనకు ఎదురుగా పెట్టుకుని బిగించింది. వీపు వెనక ఉండాల్సిన దాన్ని ముఖానికి ఎదురుగా పెట్టుకుంటే కుడి ఎడమైపోదూ? చిన్నప్పుడు చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాపిట తీస్తే అది ఎప్పుడూ అటు పక్కకే వచ్చేది. అమ్మ చూసి, “అద్దంలో పిల్లకి దువ్వావా ఏంటే” అని నవ్వేది. అంత వయసొచ్చినా అదే బుద్ధి.

సరిగ్గా అప్పుడే బాతు వచ్చింది. రెక్కల చెప్పులు వేసుకుని నడిచే నడకకు ఆ పేరు పెట్టింది ఎవరో గాని, పెట్టించుకున్న మనిషికీ అది నచ్చింది. ఆమెతో తోడుగా దిగేది ఎప్పుడూ బాతే. డైవింగ్ సూటు నడుము దాకా తొడుక్కుని, దాని చేతులు ఖాళీగా వేలాడుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

“ఏంటక్కా, ఎడమచేతి వాటం డైవరు ఎవరైనా కొత్తగా చేరుతున్నారా?”

“నోరు ముయ్యి. తిరగబడింది.”

“దానికంత ముఖం వేలాడేయడం ఎందుకు? తలకాయని తల్లకిందులుగా తగిలించెయ్. పక్కలు మారిపోతాయి, పది నిమిషాలు కలిసొస్తాయి.”

“మారతాయిలే. గొట్టాలన్నీ పైకి లేచి నిలబడతాయి. కొమ్ములేసుకుని దిగాలా నేను?”

“దిగు. కొత్త జంతువొచ్చిందని పిల్లలు సంబరపడతారు.” గడియారం చూసి గొంతు తగ్గించింది బాతు. “అక్కా, బావగారిని పిలవనా? రెండు నిమిషాల పని ఆయనకి.”

“పిలిచావంటే నిన్ను పక్క తొట్టిలో తాబేలుకి వేస్తా. పో, బట్టలు తొడుక్కో.”

బాతు పోయింది. నవ్వుతూనే పోయింది గాని, గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి చూసింది. పాపం, దానికీ భయమే. ఆ రోజు తెల్లటి బుడగల్లో ఆమెను వెతుక్కుంటూ వచ్చిన ముఖం అది. మళ్లీ మొదలుపెట్టింది ఆమె. అన్నీ విప్పింది. ఈసారి స్టూలు వదిలేసి లేచి నిలబడి, తలకాయను సిలిండరు మూతికి ఆనించి, తను సిలిండరు వెనక వైపుకి వెళ్లి, అది తన వీపు మీద ఉన్నప్పుడు ఎటు చూస్తుందో అటే తనూ చూస్తూ, ఇది కుడి, ఇది ఎడమ అని వేలితో తాకి గుర్తుపెట్టుకుని, అప్పుడు తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. సన్నది ఎడమకి. ఒక రింగు గొట్టానికి లేదు, ఏమైందని చూస్తే కన్నంలోనే ఉండిపోయింది, చూడకుండా ఇంకోటి తొడిగి ఉంటే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నలిగేవి. పుల్లతో మెల్లగా లేపి తీసింది. సన్నది చేత్తో, స్పానరుతో. నల్లది కుడికి, చేత్తో, స్పానరుతో. గడియారం వైపు చూడకూడదనుకుంది, చూసింది. పసుపుది. వేళ్లతో తిప్పుతోంది, మర సాఫీగా ఎక్కుతోంది. సరే అన్నాడు. పోనీ, నొచ్చుకున్న సరేనేమో. కోపం కాదు, నొప్పి. ఇన్ని నెలలుగా రోజూ ఈ సెట్టును తుడిచి, తళతళలాడించి కొక్కేనికి తగిలించాడు, ఆమె ముట్టుకోకపోయినా. సాయంత్రం ఇంటికొచ్చి ఏమీ అడగలేదు. ఈ రోజు దిగావా అని అతను ఒక్కసారైనా అడిగి ఉంటే ఆమె ఏడ్చేసి ఉండేది, అప్పుడే తేలిపోయేది. అడగలేదు. ఇద్దరూ ఒకే గదిలో రెండు తలుపులు వేసుకుని బతికారు. మరి తను అడిగిందా? ఆ రోజు ఏం జరిగిందండీ అని? లేదు. కోపం లేదు అని ఊరంతా చెప్పింది, కోపం లేని మనిషి కళ్లలోకి చూడదా? ఆ “నేనే బిగించాను” అన్నప్పుడు, తడి జుట్టుతో, వణుకుతూ, ఆమె ముఖం అటు తిప్పుకుంది. తిప్పుకుంది కదూ. పొట్టిది తీసుకుంది, జాకెట్టుది, రింగు చూసింది, గ్రీజు, చేత్తో, స్పానరుతో. అయిపోయింది. స్పానరు బల్ల మీద పెట్టింది.

పసుపుది స్పానరుతో బిగించానా?

చేత్తో తిప్పడం గుర్తుంది. వేళ్లకు తగిలిన మర చల్లదనం కూడా గుర్తుంది. ఆ తర్వాత సరే, తువ్వాలు, తడి జుట్టు, ఆ తర్వాత పొట్టి గొట్టం చేతిలో ఉంది. మధ్యలో స్పానరు చేతిలోకి వచ్చిందా? వచ్చే ఉంటుంది, నల్లదానికి పెట్టినప్పుడు చేతిలోనే ఉంది కదా. ఉంటుంది, బిగించే ఉంటుంది. మనసు ఎంత నమ్మకంగా అబద్ధమాడుతుందో! స్పానరు తీసుకుని పసుపుదాని మీద పెట్టింది. కొద్దిగా ఒత్తింది. కదిలింది. అడ్డూ ఆపూ లేకుండా తిరిగింది. చేతి బిగింపు తప్ప ఏమీ లేదు దానికి. ఆ చేతి బిగింపుతోనే ఈ రోజు గాలి ఆగుతుంది, రేపూ ఆగుతుంది, బకెట్లో ముంచినా ఒక్క బుడగ రాదు. నీళ్లలో తల తిప్పినప్పుడల్లా, గొట్టం లాగినప్పుడల్లా మర ఇంచుక ఇంచుక తిరిగి, ఎప్పుడో, ఎవరి నోట్లోనో ఉండగా వదిలిపోతుంది. పసుపుది. బాతు నోట్లోకి వెళ్లేది.

స్టూలు మీద కూలబడింది. నిమిషం క్రితం బల్ల దగ్గర ఉన్నది తనే. చెయ్యి ఇక్కడ ఉంది, పని ఇక్కడ ఉంది, తను లేదు. ఎక్కడికి పోయింది? మొగుడు అన్న ఒక్క మాట వెంట పడి పోయింది. అంతే. బద్ధకం కాదు, నిర్లక్ష్యం కాదు, చేతకాకపోవడమూ కాదు. ఇంతకంటే జాగ్రత్తగా ఆమె జన్మలో ఏ పనీ చేయలేదు. అంత జాగ్రత్తలోనూ ఒక్క గొట్టం జారిపోయింది. ఆ రోజు అతని మనసు ఎవరి వెంట పోయిందో. ఏ పంపు శబ్దం తేడాగా వినిపించిందో, ఎవరు పిలిచారో, ఏ మాట గుచ్చుకుందో. ఇన్ని నెలలుగా ఆమె లోపల ఒక మూల నిలబెట్టి ఉంచిన మనిషి అతను, నువ్వు ఎలా మర్చిపోయావు అని. ఎలాగేమిటి, ఇలాగే. ఇదిగో, ఇంత తేలిగ్గా. ఆమెకు ఏడుపు రాలేదు. ఒక రకమైన సిగ్గు, దాని వెనకే గట్టి పట్టుదల వచ్చాయి. తండ్రీ, భారం నీదే అని ఇంక అనను, సగమే నీది. నా సగంలో నా మనసు అటూ ఇటూ పోకుండా చూడడం నువ్వు చేస్తావో నేను చేయాలో తెలియదు, నేనే చేస్తాలే, చూస్తుండు. లేచింది. పసుపుదాన్ని పూర్తిగా విప్పి రింగు చూసి మళ్లీ పెట్టింది, ఈసారి పైకే, గట్టిగా, ఎవరైనా వింటే పిచ్చెక్కిందనుకునేట్టు చెప్పుకుంటూ. “పసుపుది. రింగు ఉంది. చేత్తో. అయింది. స్పానరుతో. అయింది.” తర్వాత సన్నదాని మీద స్పానరు, కదల్లేదు, “అయింది.” నల్లది, “అయింది.” పొట్టిది, “అయింది.” దీపం ముందు కూర్చుని జపమాల తిప్పినన్నాళ్లు ఏ పూసా ఇంత గట్టిగా వేలికి తగల్లేదు.

సిలిండరుకు తగిలించి, మీటరు ముఖాన్ని తన మీదికి లేకుండా అటు తిప్పి, కవాటాన్ని మెల్లగా, మెల్లగా తెరిచింది. గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి ఒళ్లు విరుచుకున్నట్టు బిగిశాయి. తలకాయను బకెట్టు నీళ్లలో ముంచి వంగి చూసింది. ఒక బుడగ ఉంది. అది పైకి వచ్చి పోయింది, దాని వెనక ఇంకోటి రాలేదు, చిక్కుకున్న గాలే. చూస్తూ ఉంది. ఏమీ లేదు. తల ఎత్తేసరికి అతను గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. మోచేతుల దాకా పంపుల నూనె.

“అయిందా?” అన్నాడు.

“అయింది. మొదట అద్దంలో బిగించినట్టు బిగించా. అంతా విప్పి మళ్లీ బిగించా.”

“అందరూ అదే చేస్తారు మొదటిసారి.” నవ్వబోయి ఆగాడు.

“రెండోసారి ఒకటి చేత్తో తిప్పి వదిలేశానండీ. పసుపుది. స్పానరు పెట్టానో లేదో గుర్తు రాలేదు. చూస్తే పెట్టలేదు.”

అతని కళ్లు పసుపు గొట్టం మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయాయి. “ఏం ఆలోచిస్తున్నావ్ అప్పుడు?” అన్నాడు, చాలా మెల్లగా, వేరే ఎవరి గురించో అడుగుతున్నట్టు.

“మీరు పొద్దున్న అన్న సరే గురించి.”

“నా సరేలో ఏముంది?”

“అదే కదా తెలీలేదు! కోపమా, ఏంటా అని.”

“కోపమేంటి?” అతనికి నిజంగానే అర్థం కాలేదు. “నోట్లో పేస్టు ఉంది. ముందొచ్చి అన్నీ విప్పి పెడదామని తొందర. విప్పి ఉంటేనే కదా నీకు మొదట్నుంచీ తెలిసేది.”

ఆమె నవ్వేసింది. ఎక్కడికెక్కడికి తిరిగొచ్చింది, పేస్టు చుట్టూ! అతను కూడా సగం నవ్వాడు. ఆ సగం నవ్వు పోయాక అతని పెదాలు ఇంకేదో అనబోతున్నట్టు కదిలాయి, “ఆ రోజు నేను” అన్నాడు. ఆమె అతని కళ్లలోకి చూసింది. “నాకు తెలిసింది. ఇప్పుడే, పది నిమిషాల క్రితమే తెలిసింది. చెప్పక్కర్లేదు” అంది. పంపులు మూలుగుతున్నాయి. అతను చెయ్యి తుడుచుకుని, అలవాటుగా స్పానరు కోసం చాపి, చాపిన చేతిని గాల్లోనే ఆపుకున్నాడు.

“నేనొకసారి చూడనా?”

“చూడండి. తిప్పకండి.”

చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బడిలో పంతులు ముందు నిలబడినట్టు నిలబడి, నడుము వంచి, మెడ చాచి, ఒక్కో గొట్టం మొదలు దగ్గరా ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి చూశాడు. ఎడమ పక్క చూశాడు, చుట్టూ తిరిగి కుడి పక్క చూశాడు. ముట్టుకోకుండా చూడడం అతనికి ఎంత కష్టమో వెనక ముడిపడ్డ వేళ్లలో తెలిసింది. లేచి నిలబడి, “బాగుంది” అన్నాడు. ఆ మాటలో రకాలు లేవు. బయట నుంచి బాతు కేకేసింది, “అక్కా! తలుపులు తీసేస్తున్నారు! కొమ్ములతోనైనా రా!”

గట్టు అంచున కూర్చుని, నోటి గొట్టం కరిచి పట్టుకుని, ఒకసారి పీల్చి, వదిలి, నీళ్లలోకి జారింది. చల్లదనం మెడ దగ్గర్నుంచి వీపులోకి పాకింది. బాతు పక్కనే దిగుతోంది, చేతి సైగతో బాగున్నావా అని అడిగింది, బాగున్నాను అని ఆమె సైగ చేసింది. కిందికి, కిందికి. వెండి చేపల గుంపు చీలి దారిచ్చింది. అద్దం కింది మూల దగ్గరకొచ్చేసరికి భయం వచ్చింది, వస్తుందనుకుంది, వచ్చింది. తల వెనక ఉన్న చోటు బరువెక్కింది. సన్నది ఎడమకి, అయింది. నల్లది కుడికి, అయింది. పసుపుది, అయింది. పొట్టిది, అయింది. వేళ్లకు గుర్తుంది. భయం పోలేదు, పక్కకు జరిగి కూర్చుంది, కూర్చోనీ. ఊపిరి వదిలింది. పేరు వచ్చింది, దానంతట అదే, పిలవకుండానే. బుడగలు దాన్ని తీసుకుని పోయాయి. బ్రష్షు తీసి అద్దం మీద పెట్టింది.

అవతల జనం అప్పుడే లోపలికి వస్తున్నారు. ఒక పసిపిల్ల అద్దానికి ముక్కు నొక్కి చూస్తోంది. పాచి ఆకుపచ్చగా పొరలు పొరలుగా లేస్తుంటే ఆ వెనక ముఖాలు ఒక్కొక్కటే తేటపడుతున్నాయి. వాటిలో ఒకటి అతనిది. నూనె చేతులతో, పని బట్టలతో, జనం మధ్యకు మెకానిక్కులు రాకూడదన్న నియమం గాలికొదిలేసి వచ్చి నిలబడ్డాడు. ఆమెకు గుండె నిండినట్టయింది. చెయ్యి ఊపింది. అతను ఊపలేదు. వేలు పెట్టి చూపించాడు, ఆమె భుజం పక్కన, పైన. ఏమైందోనని ఉలిక్కిపడి చూసింది. ఒక పాచి మచ్చ. వదిలేసింది. తుడిచింది. అతను తల అడ్డంగా ఊపాడు, ఇంకా పైన. తుడిచింది. అక్కడ కాదు, ఇటు. కనుబొమలు ముడిచి, పెదాలు బిగించి, ఇంత పెద్ద అద్దంలో ఆ ఒక్క మచ్చ తప్ప లోకంలో ఏమీ లేనట్టు చూపిస్తున్నాడు. అప్పుడు గానీ ఆమెకు తట్టలేదు, ఇన్ని నెలలుగా ఈ మనిషి ఆమె చేసిన ఏ పనికీ వంక పెట్టలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా తిన్నాడు, చొక్కా ఇస్త్రీ మాడినా తొడుక్కున్నాడు, తలుపు గడియ వేయడం మర్చిపోయినా లేచి తనే వేసి వచ్చాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే బుగ్గ మడత పడి మాస్కులోకి నీళ్లు వస్తాయి, వచ్చాయి, కళ్లు ఉప్పుతో మండాయి. తల పైకెత్తి, మాస్కు పై అంచును నొక్కిపట్టి ముక్కుతో గట్టిగా ఊదింది. నీళ్లు కింది నుంచి పోయాయి. ఊపిరి పీల్చుకుని, అతను చూపిస్తున్న చోటికి చెయ్యి చాపింది.